‘ఏదో పామ్’ అంటే ఉద్యోగం రాదు!

పెరట్లో మొదలయ్యే పరిశీలన.. నర్సరీ, ల్యాండ్‌స్కేపింగ్ కొలువులకు తొలిమెట్టు

తాటి, ఈత, కొబ్బరి.. రుద్రవరంలో ఈ మూడింటినీ గుర్తుపట్టలేని కుర్రాడు ఉండడు. దూరం నుంచి ఆకారం చూసే చెప్పేస్తాడు. అదే కుర్రాణ్ని ఆళ్లగడ్డలోనో నంద్యాలలోనో ఓ ఫంక్షన్ హాలు ముందు నిలబెట్టి, గేటు పక్కన వరసగా ఉన్న అలంకరణ చెట్ల పేరేంటని అడగండి. ‘ఏదో పామ్ అన్నా’ అంటాడు.

బోటనీ డిగ్రీ చేతిలో ఉన్నవాళ్లలోనూ చాలామందిది ఇదే జవాబు. పరీక్షలో అరికేసి కుటుంబ లక్షణాలు గడగడా రాసేస్తారు. ఎదురుగా మొక్క పెడితే తడబడతారు. నర్సరీ యజమానికీ, తోటలు వేసే సంస్థకూ కావాల్సింది ఆ రెండోదే. తీపి కబురేమిటంటే.. దీన్ని నేర్చుకోవడానికి కోచింగ్ అక్కర్లేదు. ఫీజు లేదు. ఇంటి పెరడు, కాలేజీ ఆవరణ, ఓ ఫోన్ కెమెరా చాలు.

పేరు తప్పితే దిద్దుకోలేం

పామ్‌ల దగ్గర గుర్తింపు ఎందుకంత ముఖ్యం? మామిడిలో వేరే రకం వచ్చిందనుకోండి. కొమ్మలు నరికి, కావాల్సిన రకంతో తల మార్పిడి చేసి సరిచేసుకోవచ్చు. పామ్‌లో అది కుదరదు. వీటికి అంటు కట్టే వీల్లేదు. ఒక్కో కాండానికీ పెరిగే మొగ్గ ఒక్కటే.. అదే మొవ్వు. దాన్ని నరికితే ఆ కాండం చనిపోతుంది. కాబట్టి నాటిన రోజు చేసిన తప్పు చెట్టు ఉన్నంతకాలం ఉంటుంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. విత్తనం మొలిచిన కొత్తల్లో చాలా పామ్‌లు గడ్డిపోచల్లానో, చీలని సన్నటి ఆకులతోనో ఉంటాయి. ఏది ఏదో అనుభవజ్ఞులకే కష్టం. ట్రేలో లేబుల్ పోయిందంటే పేరు పోయినట్టే. చిన్న ఇంటి ముందు పొట్టి బాటిల్ పామ్ కావాలన్న వ్యక్తికి పొరపాటున రాయల్ పామ్ ఇచ్చామనుకోండి. ఆయనకు సంగతి తెలిసేసరికి కొన్నేళ్లు గడిచిపోతాయి. అప్పటికి చెట్టు కరెంటు తీగల దాకా వచ్చి ఉంటుంది. నర్సరీ మీద నమ్మకం కూడా దాంతోనే పోతుంది. అందుకే ఈ రంగంలో మొక్కతో పాటు దాని పేరునీ అమ్ముతున్నామని గుర్తుంచుకోవాలి.

నాలుగు ప్రశ్నలు.. సగం జవాబు

ప్రపంచంలో పామ్ జాతులు సుమారు 2,500. కంగారు పడకండి. మన నర్సరీల్లో తరచూ దొరికేవి పాతిక లోపే. పైగా మీకు తెలిసిన తాటి, ఈత, కొబ్బరే కొలబద్దలు. ఏ పామ్ కనిపించినా ఈ నాలుగు ప్రశ్నలు వేసుకోండి.

• ఆకు ఈకలా ఉందా, విసనకర్రలా ఉందా? కొబ్బరి, ఈత ఈక రకం. తాటి విసనకర్ర రకం. ఈ రెండూ కాకుండా రెబ్బలు చేప తోకల్లా, ఆకు మళ్లీ మళ్లీ చీలినట్టు ఉంటే అది ఫిష్‌టెయిల్ పామ్. అంటే మన ఏజెన్సీ ప్రాంతాల్లో కల్లు తీసే జీలుగకు దగ్గరి చుట్టమో, లేదా జీలుగే!

• రెబ్బ ఎటు మడత పడింది? ఈత రెబ్బను మొదట్లో చూడండి. దోనెలా, వాన నీరు నిలిచేలా మడిచి ఉంటుంది. కొబ్బరి రెబ్బ ఇంటి కప్పులా, నీరు జారిపోయేలా ఉంటుంది. ఈక ఆకుకు దోనె మడత, మట్ట మొదట్లో ముళ్లు.. ఈ రెండూ కలిసి కనిపిస్తే అది ఈత ప్రజాతిదే అనుకోవచ్చు. అలంకరణకు పెంచే పొట్టి పిగ్మీ డేట్ పామ్ కూడా ఇలాగే పట్టుబడుతుంది.

• కాండం పైన నున్నటి గొట్టం ఉందా? ఆకుల అడుగు భాగాలు ఒకదాన్నొకటి చుట్టుకుని కాండం కొనసాగినట్టే కనిపించే గొట్టమిది. వక్క చెట్టుకు చూసే ఉంటారు. రాయల్, ఫాక్స్‌టెయిల్, బాటిల్ పామ్‌లకు ఇది ఉంటుంది. ఈత, తాటి, కొబ్బరికి ఉండదు.

• ఒంటి కాండమా, పిలకల గుబురా? దీంతో దాదాపు సగం పేర్లు జాబితాలోంచి తప్పుకొంటాయి.

తరచూ తికమక పెట్టేవి

అరెకా పామ్: హాళ్లలో, ఆఫీసుల్లో కుండీల్లో కనిపించే గుబురు మొక్క ఇదే. మట్టలు పసుపు రంగులో, కాండాలు వెదురులా కణుపు గీతలతో ఉంటాయి. సొంతూరు మడగాస్కర్. పేరు విని వక్క మొక్క అనుకునేవారు ఎక్కువ. నిజమైన వక్క అరెకా కటెచు. అది ఒంటి కాండంతో సన్నగా నిటారుగా పెరుగుతుంది. అరెకా పామ్‌ను చాలాకాలం డిప్సిస్ లుటెసెన్స్ అన్నారు. 2022లో దాన్ని క్రిసాలిడోకార్పస్ లుటెసెన్స్ అనే పాత పేరు కిందకే తిరిగి చేర్చారు. రెండు పేర్లూ తెలిసి ఉంటే ఇంటర్వ్యూలో మీకే మంచిది.

రాయల్ పామ్: సిమెంటు స్తంభంలాంటి బూడిదరంగు కాండం, పైన పొడవాటి పచ్చటి గొట్టం. క్యూబా జాతీయ వృక్షం. 20 మీటర్లకు పైగా ఎదగగలదు. విశాలమైన రోడ్డుకు బాగుంటుంది, మూడు సెంట్ల ఇంటికి కాదు.

ఫాక్స్‌టెయిల్ పామ్: రెబ్బలు ఈనె చుట్టూ అన్ని వైపులకూ పరుచుకుని, ఆకు మొత్తం నక్క తోకలా కుచ్చుగా ఉంటుంది. ఆస్ట్రేలియా ఈశాన్య కొసన పుట్టిన దీనికి శాస్త్రీయ నామం దక్కింది 1983లోనే. వోడియెటియా అనే ఆ పేరు అక్కడి ఓ ఆదిమవాసి పెద్ద పేరు మీదుగా వచ్చింది. అంత కొత్త చెట్టు ఇప్పుడు మన గేటెడ్ కమ్యూనిటీల ముందు వరసలు కట్టింది!

బాటిల్ పామ్, స్పిండిల్ పామ్: రెండూ మారిషస్ వైపు దీవులవే. కాండం మొదట్లో సీసాలా ఉబ్బితే బాటిల్. మధ్యలో కదురులా ఉబ్బితే స్పిండిల్. చిన్న మొక్కల్లో ఈ తేడా స్పష్టంగా ఉండదు. లేబుల్ విలువ తెలిసేది ఇక్కడే.

పేరులో పామ్.. పుట్టుకలో కాదు

ఇంటర్వ్యూలో బోల్తా కొట్టించే ప్రశ్న ఇది. సాగో పామ్ అసలు పామే కాదు.. సైకస్. పూలు పూయని వివృతబీజ మొక్క. దాని లేత రెబ్బలు చుట్టలు చుట్టుకుని విచ్చుకుంటాయి. గింజలు విషపూరితం కాబట్టి పిల్లలు, పెంపుడు కుక్కలు ఉన్న ఇంట్లో జాగ్రత్త చెప్పాలి. అన్నట్టు మనం తినే సగ్గుబియ్యానికీ దీనికీ సంబంధం లేదు. అది కర్రపెండలం దుంపల నుంచి వస్తుంది. మన శేషాచలం కొండలకే పరిమితమైన సైకస్ బెడ్డోమీ కూడా ఈ కోవలోదే. అంతర్జాతీయ వ్యాపారాన్ని కట్టడి చేసే సైటిస్ ఒప్పందంలో అది మొదటి అనుబంధంలో ఉంది.

ట్రావెలర్స్ పామ్ కూడా పామ్ కాదు. అరటి ఆకుల్లాంటి ఆకులను విసనకర్రలా పరిచే రావెనాలా. అడుగున ఉబ్బిన పోనీటెయిల్ పామ్‌దీ వేరే కుటుంబమే.

రుద్రవరం పెరట్లో పెంచాలంటే..

నల్లమల పాదాల దగ్గర ఎర్రనేలలు, కుందూ వైపు నల్లరేగడి.. మన ప్రాంతంలో మట్టి ఊరూరికీ మారుతుంది. ఎండాకాలం 40 డిగ్రీలు దాటడం మామూలే. ఈ రెండూ చూసుకునే మొక్కను ఎంచుకోవాలి.

• ఎండలో: ఫాక్స్‌టెయిల్, బాటిల్, పిగ్మీ డేట్ పామ్. నర్సరీలో షేడ్‌నెట్ కింద పెరిగిన మొక్కను తెచ్చిన రోజే ఎండలో పెడితే ఆకులు మాడతాయి. రెండు మూడు వారాలు కొద్దికొద్దిగా ఎండ అలవాటు చేయాలి.

• వరండా నీడలో: అరెకా, రాపిస్. వీటికి మధ్యాహ్నపు ఎండ తగలకుంటే మేలు.

• నల్లరేగడిలో నీరు నిలిస్తే వేర్లు కుళ్లుతాయి. గుంత మట్టిలో ఇసుక, పశువుల ఎరువు కలపండి. మొక్క కుండీలో ఎంత లోతున ఉందో నేలలోనూ అంతే లోతున నాటండి. కాండాన్ని మట్టితో కప్పేయొద్దు.

• విత్తనమైతే తాజాదే కావాలి. పండిన కాయ గుజ్జు తీసి, ఒకట్రెండు రోజులు నీళ్లలో నానబెట్టి, తడి కోకోపీట్‌లో వేయాలి. అరెకా మొలవడానికి రెండు మూడు నెలలు పట్టొచ్చు. ఫాక్స్‌టెయిల్ ఇంకా ఆలస్యం చేయొచ్చు. విసుగొచ్చి పారబోయకండి. ఫిష్‌టెయిల్ పండ్ల గుజ్జు చర్మానికి తగిలితే విపరీతమైన దురద. గ్లవ్స్ తప్పనిసరి.

• అడవిలో ఈత పిలకలు, మొక్కలు కనిపించాయని తవ్వి తేవద్దు. రిజర్వు అడవి నుంచి మొక్క తీయడం నేరం. ఫొటో తెచ్చుకోండి చాలు.

ఆకు పసుపెక్కితే ఏమిటర్థం?

‘మొక్క పచ్చబడింది, ఏం చేయాలి?’ నర్సరీకి వచ్చేవారు తరచూ అడిగే ప్రశ్న. జవాబు చెప్పే ముందు ముదురాకా, లేతాకా చూడండి.

ముదురాకుల మీద పసుపు, నారింజ చుక్కలు వచ్చి కొసలు ఎండుతుంటే పొటాష్ లోపం కావొచ్చు. ముదురాకు అంచులు పసుపుగా, మధ్య భాగం పచ్చగా ఉంటే మెగ్నీషియం. లేతాకులు పాలిపోతే ఇనుము, ముడుచుకుని చిన్నగా వస్తే మాంగనీస్ లోపాన్ని అనుమానించాలి. సున్నం ఎక్కువుండే నల్లనేలల్లో ఈ చివరి రెండూ మట్టిలో ఉన్నా మొక్కకు అందవు. మట్టి పరీక్ష చేయించాకే ఎరువు చెప్పండి.

చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. పసుపెక్కిన ఆకు అందవికారంగా ఉందని కోసేస్తారు. పొటాష్ తక్కువైనప్పుడు మొక్క ఆ పాత ఆకు నుంచే దాన్ని లాక్కుని కొత్తాకుకు పంపుతుంది. ఆకు కోసేస్తే ఆ ఆధారం కూడా పోతుంది. పూర్తిగా ఎండాకే తీయాలి. ఇక విచ్చుకున్న ఆకు కత్తెర పెట్టి కోసినట్టు త్రికోణాలుగా కనిపిస్తే కొమ్ము పురుగు మొవ్వును తొలిచిందని అర్థం. కొబ్బరి రైతు ఇంట్లో పుట్టినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు.

ఈ నైపుణ్యంతో ఎక్కడికి?

నర్సరీలు: తూర్పు గోదావరి జిల్లా కడియం, కడియపులంక చుట్టుపక్కల వందల నర్సరీలున్నాయి. దేశంలోని చాలా రాష్ట్రాలకు ఇక్కడి నుంచే మొక్కలు వెళ్తాయి. సూపర్‌వైజర్, అమ్మకాలు, స్టాక్ నిర్వహణ.. అన్నిచోట్లా మొక్కల పేర్లు తెలిసినవారికే మొదటి పిలుపు. డిగ్రీ ఏదైనా ఓసారి వెళ్లి రెండు రోజులు తిరిగి రండి. ఏడాది పాఠానికి సమానం.

ల్యాండ్‌స్కేపింగ్: విల్లాలు, ఆసుపత్రులు, ఐటీ క్యాంపస్‌లు, హోటళ్లకు తోట వేయడమే కాదు, నెలనెలా చూసుకునేవారూ కావాలి. అగ్రికల్చర్ స్కిల్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా కోర్సుల్లో గార్డెనర్ శిక్షణ ఉంది. చదువుతో పాటు చేసుకోవచ్చు.

పై చదువులు: పశ్చిమ గోదావరి జిల్లా వెంకటరామన్నగూడెంలోని డాక్టర్ వైఎస్సార్ ఉద్యాన విశ్వవిద్యాలయం నాలుగేళ్ల బీఎస్సీ ఆనర్స్ హార్టికల్చర్ అందిస్తోంది. ఇంటర్ బైపీసీ తర్వాత ఈఏపీసెట్‌తో చేరొచ్చు. పదో తరగతి తర్వాత రెండేళ్ల ఉద్యాన డిప్లొమా ఉంది. తెలంగాణలో ములుగు దగ్గర కొండా లక్ష్మణ్ ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది.. సిద్దిపేట జిల్లా ములుగు సుమా!

సొంతంగా: వ్యవసాయ, ఉద్యాన కోర్సులు చేసినవారికి 2002 నుంచి అగ్రి క్లినిక్స్ పథకం అమల్లో ఉంది. హైదరాబాద్‌లోని మేనేజ్ సంస్థ ఆధ్వర్యంలో ఉచిత శిక్షణ, ఆపై బ్యాంకు రుణానికి సబ్సిడీ ఉంటాయి. నర్సరీ పెట్టడానికీ ఇది పనికొస్తుంది. మిగతా డిగ్రీలవారు ముద్ర రుణం గురించి బ్యాంకులో అడగొచ్చు. శిశు విభాగంలో పరిమితి రూ.50 వేలు. నెల నెలా జీతం వచ్చినట్టు మొదటి నెలే పామ్‌ల మీద ఆదాయం రాదు. అమ్మకానికి తయారవడానికి ఒకట్రెండేళ్లు పట్టే మొక్కలివి. కాబట్టి త్వరగా అమ్ముడయ్యే పూలమొక్కలతో కలిపి వేసుకోవాలి.

మూడు నెలల్లో మీ ఆల్బమ్

రెజ్యూమెలో ‘మొక్కలంటే ఆసక్తి’ అని రాస్తే ఎవరూ నమ్మరు. చూపించండి.

మొదటి నెల: మీ ఊరిలో, కాలేజీలో, ఆళ్లగడ్డ దారిలో కనిపించే పామ్‌లు 20 వెతకండి. ఒక్కోదానికి అయిదు ఫొటోలు.. చెట్టు మొత్తం, ఆకు, మట్ట మొదలు, కాండం, పూలు లేదా గెల. తేదీ, ఊరు రాయండి.

రెండో నెల: నాలుగు ప్రశ్నలకూ జవాబులు రాసి, పేరు మీరే నిర్ణయించండి. ఆ తర్వాతే ఫోన్ యాప్‌ను అడగండి. యాప్ చెప్పిందే నిజమనుకోవద్దు. లండన్ క్యూ గార్డెన్స్ వారి ‘ప్లాంట్స్ ఆఫ్ ద వరల్డ్ ఆన్‌లైన్’లో శాస్త్రీయ నామాన్ని ఉచితంగా సరిచూసుకోండి. తేలనివి ఉంటే ‘తేలలేదు’ అనే రాయండి. తప్పు పేరు కన్నా అదే నయం.

మూడో నెల: ఓ అరెకా గుబురును వేర్లతో సహా విడదీసి రెండు కుండీలు చేయండి. మరో కుండీలో గింజలు వేయండి. వారం వారం ఫొటో తీయండి. చచ్చిపోయిన మొక్క ఫొటో కూడా ఉంచండి. ఎందుకు పోయిందో చెప్పగలిగినవాడే పనివాడు.

ఈ ఆల్బమ్ పట్టుకుని ఏ నర్సరీ గేటు దగ్గరికి వెళ్లినా మాట మొదలుపెట్టడానికి మీ దగ్గర సరుకుంటుంది. ఈసారి పెళ్లికి వెళ్లినప్పుడు ఫంక్షన్ హాలు గేటు దగ్గర ఒక్క నిమిషం ఆగండి. ఆకు చూడండి, మడత చూడండి, గొట్టం చూడండి, కాండాలు లెక్కపెట్టండి. తర్వాతే భోజనానికి వెళ్లండి!