సిగ్గుపడుతూ చదివే నవల: ఆట నుంచి పుట్టిన ఒక కథ

జనప్రియ నవల అంటే ఏమిటో గత భాగంలో తెలుసుకున్నారు. ఈ భాగంలో దానిలోని ఒక చిన్న శాఖను పరిశీలిద్దాం. కొన్ని నవలలు చదువుతుంటే ఆనందంగానే ఉంటుంది, ఎవరైనా చూస్తే మాత్రం పుస్తకం దాచాలనిపిస్తుంది. నా దగ్గర అటువంటిది ‘డ్రాగన్స్ ఆఫ్ ఆటమ్ ట్వైలైట్’. మార్గరెట్ వైస్, ట్రేసీ హిక్‌మన్ కలిసి రాసిన ఈ ఇంగ్లీషు నవల 1984లో వెలువడింది. హైదరాబాదు ఆబిడ్స్‌లో ఆదివారాలు ఫుట్‌పాత్ మీద అమ్మే పాత పుస్తకాల్లో కొన్నాను. ముఖచిత్రం మీద డ్రాగన్ కనపడకుండా క్యాలెండరు కాగితంతో అట్ట వేసుకొని చదివాను.

ఈ నవల అర్థం కావాలంటే ముందు ఒక ఆట గురించి తెలియాలి. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అనే ఆటను రూపొందించి ప్రచురించారు. నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు కథ నడుపుతారు. మిగిలినవారిలో ఒకరు యోధుడు, ఒకరు మాంత్రికుడు, ఒకరు దొంగ. పాత్రల బలానికి, తెలివికి అంకెలుంటాయి. “తలుపు బద్దలు కొడతాను” అని యోధుడు అంటే, అది పగులుతుందో లేదో పాచిక తేలుస్తుంది. గండాలు దాటిన కొద్దీ పాత్ర స్థాయి పెరుగుతుంది. మన వైకుంఠపాళిలో పావుకు పేరు లేదు, స్వభావం లేదు. ఇక్కడ పావే మాట్లాడుతుంది.

ఈ ఆట కోసం తయారుచేసిన కథా పథకం నుంచే నవల పుట్టింది. అందువల్ల ఆట గుర్తులు అంతటా కనిపిస్తాయి. కథలో మనుషులు మరీ ఎక్కువ. ఆటలో ప్రతివారికీ వంతు వచ్చినట్టే ఇక్కడా ప్రతి పాత్రకూ ఏదో ఒక పని దొరుకుతుంది. ప్యాసింజరు రైలుకు స్టేషన్లు వచ్చినట్టు పోరాటాలు వస్తాయి. వర్ణనల్లో అరిగిపోయిన మాటలే ఎక్కువ. ఇవి దోషాలే, సమర్థించను.

అయితే రైస్ట్లిన్ అనే మాంత్రికుణ్ణి గమనించండి. అప్పటి ఆటలో ఒక నియమం ఉండేది: మంత్రాన్ని ప్రయోగించగానే అది మాంత్రికుడి మనసులోంచి చెరిగిపోయేది, మళ్ళీ గ్రంథం చూసి కంఠస్థం చేయవలసి వచ్చేది. మాంత్రికుడు మరీ బలవంతుడైపోకుండా ఆపే నియమం అది. నవలలోకి వచ్చేసరికి అదే ఒక మనిషి కష్టంగా మారింది. అంత శక్తి ఉన్నవాడు పరీక్షకు కూర్చునే విద్యార్థిలా గ్రంథం ముందు కూర్చోవాలి. మంత్రం వేస్తే నీరసిస్తాడు, దగ్గుతాడు. కండలు తిరిగిన కవల సోదరుడు క్యారమన్ కషాయం కాచి ఇవ్వాలి. ఇస్తున్నందుకు ఇతనికి కృతజ్ఞత కన్నా అసూయే ఎక్కువ. ఈ అన్నదమ్ముల మూలంగా నేను ఒకసారి బస్సు దిగవలసిన చోటు దాటిపోయాను.

నిజానికి ఈ రుచి మనకు కొత్త కాదు. మా ఊరు ధరణికోట. ప్రాచీన ధాన్యకటకపు కోటగోడలు ఇప్పుడు మట్టిదిబ్బలు. చిన్నప్పుడు ఒక దిబ్బ మీద కూర్చొని పాత ‘చందమామ’ల్లో ‘శిథిలాలయం’ చదువుతూ, శిఖిముఖి, విక్రమకేసరి నా కాళ్ళ కింద ఏదో సొరంగంలో తిరుగుతున్నారనే నమ్మేవాణ్ణి. సీరియల్‌కు రచయిత పేరు వేసేవారు కాదు. రాసినది అప్పటి మా గుంటూరు జిల్లా తెనాలి ప్రాంతానికే చెందిన దాసరి సుబ్రహ్మణ్యం గారని చాలా ఏళ్ళకు గాని తెలియలేదు. అక్కడా గండం తర్వాత గండమే, నెలకొకటి చొప్పున. కాని ఆ దిబ్బ మీద నాకు సిగ్గు లేదు. అట్ట వేయడం డాక్టరేటు వచ్చాకే మొదలైంది.

చాలాకాలం క్రితం ఒక ఆదివారం సంపర్క తరగతిలో, వెనుక బెంచీలో ఒక బస్సు కండక్టరు పాఠ్యపుస్తకం మధ్య మధుబాబు జానపద నవల పెట్టుకొని చదువుతున్నాడు. “డిగ్రీ చదివేవాళ్ళు చదవవలసిందేనా ఇది?” అని అందరి ముందూ అడిగాను. అతను పుస్తకం మూసి, “తప్పయింది సార్” అన్నాడు. తరువాతి ఆదివారం రాలేదు, ఆ పై ఆదివారమూ రాలేదు. ఆ రోజు నా సంచిలో క్యాలెండరు కాగితపు అట్ట ఉన్న పుస్తకం ఉంది.

అతణ్ణి నేను అడగవలసిన ప్రశ్న వేరు. నవల గొప్పదా అన్నది ఒక విచారణ, అది ఎందుకు చదివించింది అన్నది మరొకటి. మొదటిదానికి జవాబు తెలుసు గనుక రెండోది అనవసరమనుకున్నాను. రైస్ట్లిన్ విషయంలో నా మటుకు జవాబు ఇది: శక్తికి ధర కట్టిన కథ నన్ను పట్టుకుంటుంది. కండక్టరు జవాబు ఏమిటో నాకు తెలియకుండా పోయింది.

అభ్యాసం: మీరు ఎవరికీ చెప్పకుండా చదివిన నవల ఒకటి ఎంచుకోండి. అందులోని రెండు దోషాలను పేర్కొనండి. తరువాత, ఏ ఘట్టం దగ్గర పుస్తకం మూయలేకపోయారో గుర్తుచేసుకొని, కారణాన్ని పది వాక్యాల్లో వివరించండి. నవల పేరు రాయడం, రాయకపోవడం మీ ఇష్టం.