గుండెల్లో మంట - మండేది గుండె కాదు

రాత్రి పదైంది. ఇంటిల్లిపాదికీ వడ్డించి, అంట్లు తోమి, ఆఖర్న తానింత తిన్నది ఆ తల్లి. పగలంతా కలుపు తీసిన ఒళ్ళు. చెయ్యి కడుక్కుని అట్లాగే మంచం మీద వాలింది. కాసేపటికే రొమ్ము నడుమ మంట మొదలైంది. గొంతులోకి పుల్లటి నీళ్ళు ఎగదన్నాయి. లేచి కూచుంది.

"ఏమైంది అత్తా?" అంది కోడలు.

"ఏం లేదమ్మా, గుండెల్లో మంట. రోజూ ఉండేదేగా. కాస్త వంటసోడా కలిపివ్వు, తగ్గుద్ది."

మీ ఇంట్లో ఇలాంటి వాళ్ళు ఉన్నారా? అయితే ఇది చదివి వాళ్ళకు వినిపించండి.

మనం గుండెల్లో మంట అంటాం. కానీ మండేది గుండె కాదు. గుండె వెనకగా ఒక గొట్టం ఉంది. గొంతు నుంచి పొట్టలోకి దిగుతుంది. పొడవు జానెడు పైన, సుమారు 25 సెంటీమీటర్లు. తిన్న ముద్ద దీంట్లో నుంచే పోతుంది. దీన్ని అన్నవాహిక అంటారు. మంట పుట్టేది ఇందులోనే.

పొట్టలో ఆమ్లం ఊరుతుంది. ఆమ్లం అంటే ఘాటైన పులుపు. అది తిండిని అరిగిస్తుంది. తిండితో పోయిన క్రిములను చంపుతుంది. కాబట్టి అది మనకు కావలసిందే. పొట్ట లోపలి గోడకు జిగురు పూత ఉంటుంది. అందుకే ఆమ్లం దాన్ని కాల్చదు. అన్నవాహికకు అంత పూత లేదు.

గొట్టం, పొట్ట కలిసే చోట ఒక కండరం ఉంది. సంచి మూతికి కట్టిన తాడు అనుకోండి. ముద్ద దిగేటప్పుడు వదులవుతుంది, దిగాక బిగుసుకుంటుంది. సరిగా బిగుసుకోకపోతే పులుపు పైకి తన్నుతుంది. కొందరికి మంట తెలియదు. పొడిదగ్గు, బొంగురు గొంతు మాత్రమే ఉంటాయి.

చుట్ట, బీడీ, సారా ఆ కండరాన్ని వదులు చేస్తాయి. నూనె ఓడే తిండీ అంతే. ఒళ్ళు లావైతే పొట్ట మీద ఒత్తిడి పెరుగుతుంది. కడుపుతో ఉన్నవాళ్ళకు కూడా మంట వస్తుంది, కాన్పయ్యాక చాలామందికి పోతుంది. కొందరికి పొట్ట పైభాగం ఛాతీలోకి జారి ఉంటుంది. కారం అందరికీ పడదని కాదు. ఎవరికి ఏది పడదో వాళ్ళే గమనించుకోవాలి.

మరి ఆ తల్లి చుట్ట తాగదు, లావు కాదు. ఆమెకెందుకు? పొద్దుపోయి తింది, వెంటనే పడుకుంది. నిండు కుండను పక్కకు వాలిస్తే నీళ్ళు ఒలకవా? ఆడమనిషి అందరి తర్వాతే తినాలని మనమే పెట్టుకున్నాం. ఏడింటికి అందరూ కలిసి కూచుని తింటే ఆమెకు మందే అక్కర్లేకపోవచ్చు.

తిన్నాక రెండు మూడు గంటలు పడుకోవద్దు. మంచం తలవైపు కోళ్ళ కింద ఇటుకలు పెట్టండి, జానెడు కంటే కొంచెం తక్కువ ఎత్తు చాలు. దిండ్లు పేర్చితే మెడ వంగుతుందే గాని లాభం లేదు. ఎడమ పక్కకు తిరిగి పడుకుంటే మంచిది. వంటసోడా కాసేపు చల్లార్చుతుంది. కానీ అందులో ఉప్పు గుణం ఉంది. బీపీ ఉన్నవాళ్ళకు రోజూ తాగితే చేటు.

అప్పటికీ తగ్గకపోతే డాక్టరును అడగండి. ఒమిప్రజోల్, పాంటప్రజోల్ లాంటి మాత్రలు ఇస్తారు. ఇవి ఆమ్లం ఊరడాన్ని తగ్గిస్తాయి. పరగడుపున, తినడానికి అరగంట ముందు వేసుకోవాలి. మామూలుగా 4 నుంచి 8 వారాలు వాడతారు. మనవాళ్ళు షాపులో కొనుక్కుని ఏళ్ళ తరబడి మింగుతుంటారు. అది తప్పు. ఒళ్ళు నొప్పులకు వేసుకునే డైక్లోఫెనాక్, బ్రూఫెన్ పొట్టలో పుండు చేస్తాయి. అవి వాడుతుంటే డాక్టరుకు చెప్పండి. ఏ మాత్రనైనా కూచుని, గ్లాసుడు నీళ్ళతో మింగాలి. లేకపోతే గొట్టంలో అంటుకుని అక్కడే కాల్చవచ్చు.

ముద్ద గొంతు దిగక ఆగుతోందా? మనిషి చిక్కిపోతున్నారా? నెత్తురు కక్కుతున్నారా? దొడ్డికి తారులా నల్లగా వస్తోందా? ఇక ఇంట్లో ఉండొద్దు. పెద్దాసుపత్రిలో ఎండోస్కోపీ చేస్తారు. కెమెరా ఉన్న సన్నటి గొట్టాన్ని నోట్లోంచి దించి చూస్తారు. పరగడుపున వెళ్ళాలి. గొంతు మొద్దుబారే మందు కొడతారు. నిమిషాల్లో అయిపోతుంది. అన్నవాహిక క్యాన్సరు మొదట్లో దొరికితే నయం చేసే వీలుంది. ముద్ద ఆగేదల్లా క్యాన్సరే కాదు. కొందరికి కింది కండరం తెరుచుకోదు, నీళ్ళు కూడా ఆగిపోతాయి. దాన్ని బుడగతో సాగదీసి గాని, కోసి గాని వదులు చేస్తారు.

ఇంకొక్క మాట. "గ్యాస్ నొప్పి" అని సోడా తాగి పడుకుని తెల్లారేసరికి పోయినవాళ్ళు ఉన్నారు. ఛాతీ మీద బండ పెట్టినట్టు బరువు, ఎడమ చేతికి గాని దవడకు గాని పాకే నొప్పి, చల్లటి చెమట, ఆయాసం ఉంటే అది గుండెపోటు కావచ్చు. షుగరు ఉన్నవాళ్ళకు నొప్పి గట్టిగా తెలియకపోవచ్చు. అప్పుడు మంటా, నొప్పా అని ఇంట్లో తేల్చుకోవద్దు. వెంటనే 108కి ఫోన్ చెయ్యండి. ఆసుపత్రిలో ఈసీజీ తీసి వాళ్ళే చూస్తారు.