పిల్లల్ని తిండిపోతు అనకండి

తబూక్‌లో శుక్రవారం సెలవు రోజున నాలుగు తెలుగు కుటుంబాలం ఒకచోట చేరి భోంచేయడం అలవాటు. ఓ శుక్రవారం మా అబ్బాయి మూడోసారి బిర్యానీ వడ్డించుకోబోతుంటే "తిండిపోతులా ఏంట్రా అది!" అని అందరి ముందూ కసిరాను. వాడు ప్లేటు అక్కడే పెట్టి లేచిపోయాడు. ఆ రాత్రి వంటింట్లో లైటు కూడా వేసుకోకుండా బ్రెడ్డు తింటూ కనిపించాడు. మనసు చివుక్కుమంది. అసలీ ఆకలి సంగతేమిటో చదవడం మొదలుపెట్టాను.

భోజనం వేళ దగ్గరపడగానే పొట్టలో గ్రెలిన్ అనే హార్మోన్ పెరిగి "తిను" అంటుంది. తిన్నాక పేగుల నుంచి జీఎల్‌పీ-1 లాంటివి "ఇక చాలు" అంటాయి. ఒంట్లో కొవ్వు ఎంత నిల్వ ఉందో లెప్టిన్ అనే మరో హార్మోన్ మెదడుకి కబురు చేరుస్తుంది. లెప్టిన్ జన్యువుని 1994లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ యూనివర్సిటీలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం కనుక్కుంది.

ఆ కబురు అసలే అందకపోతే? 1997లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు అలాంటి ఇద్దరు పిల్లల గురించి ప్రకటించారు. పాకిస్తానీ మూలాలున్న కుటుంబం, వరసకి అన్నదమ్ముల పిల్లల్లాంటి దగ్గరి బంధువులు. ఎనిమిదేళ్ళకే ఒకరి బరువు 86 కిలోలు! వాళ్ళ ఒంట్లో లెప్టిన్ తయారే కాదు. లెప్టిన్ ఇంజెక్షన్లు ఇవ్వగానే పెద్ద పాపకి ఆకలి తగ్గింది, ఏడాదిలో 16 కిలోలు తగ్గింది. లోపం మనసుది కాదు, జన్యువుది అన్నమాట.

ఆ కుటుంబంలో దగ్గరి బంధువుల మధ్య పెళ్ళిళ్ళు ఎక్కువ. మన మేనరికాల్లోనూ, ఇక్కడి అరబ్బు కుటుంబాల్లోనూ ఇలాంటి అరుదైన లోపాలు బయటపడే అవకాశం కాస్త ఎక్కువే. అయిదేళ్ళ లోపే పట్టరాని ఆకలితో బరువు విపరీతంగా పెరిగే పిల్లల్ని ఎండోక్రైనాలజిస్టుకి చూపించాలి. కొన్ని జన్యులోపాలకి 2020 నుంచి సెట్‌మెలనోటైడ్ అనే మందు కూడా ఉంది.

చాలామంది పిల్లల విషయంలో మాత్రం ఒక్క జన్యువు కాదు, ఎన్నో జన్యువులు తలా కాస్త పనిచేస్తాయి. 2007లో గుర్తించిన ఎఫ్‌టీఓ జన్యువులో బరువు పెంచే రకం తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా వచ్చిన పెద్దవాళ్ళు సగటున 3 కిలోలు ఎక్కువ బరువుంటారు. అంతే! ఇల్లూ, అలవాట్లూ కూడా లెక్కలోకి వస్తాయి. నిద్ర తగ్గితే గ్రెలిన్ పెరిగి, లెప్టిన్ తగ్గుతుందని 2004లో పెద్దవాళ్ళ మీద చేసిన అధ్యయనాలు చెప్పాయి. ఎండాకాలం సెలవుల్లో, రంజాన్ రాత్రుల్లో మన పిల్లలు ఎన్నింటికి పడుకుంటున్నారో ఆలోచించండి.

ఇప్పుడు మా ఫ్రిజ్‌లో కోలాలూ, జ్యూసు డబ్బాలూ లేవు. పదింటికి లైట్లు ఆరిపోతాయి. సాయంత్రం ఎండ తగ్గాక నేనూ వాడితో నడుస్తున్నాను. వాడి బరువు పెద్దగా తగ్గలేదు కానీ, చాటుగా తినడం మానేశాడు. "నాన్నా, ఇంకా ఆకలేస్తోంది" అని నాతోనే చెబుతున్నాడు. నాకు ముందు కావలసింది అదే.