పాత వంతెనను పడగొట్టనక్కర లేదు.. పక్కన కొత్తది కట్టవచ్చు

రహదారి అభివృద్ధికి, చారిత్రక కట్టడాల రక్షణకు పొత్తు కుదిరేదెలా?

రాజమహేంద్రవరం: రాజమహేంద్రవరం, కొవ్వూరు తీరాలను కలుపుతూ గోదావరిపై నేడు నాలుగు వంతెనలు ఉన్నాయి. మూడింటిపై రైళ్లు, వాహనాలు నడుస్తున్నాయి. అన్నింటికన్నా పాతదైన హేవలాక్ వంతెనపై 1997 నుంచి రాకపోకలు లేవు. 1900లో ప్రారంభమై తొంభై ఏడేళ్లు మద్రాసు, కలకత్తా రైళ్లను మోసిన ఆ వంతెన ఇప్పటికీ తన 56 ఖానాలతో నదిలో నిలిచే ఉంది. 2027లో గోదావరి పుష్కరాలు రానున్నాయి. పుష్కరాలంటే రహదారుల విస్తరణ, వంతెనల మరమ్మతులు, ఘాట్ల నిర్మాణం. పనులకు గడువు తక్కువగా ఉన్నప్పుడు అడ్డం వచ్చిన పాత కట్టడం గురించి ఆలోచించే తీరిక ఎవరికీ ఉండదు. అందుకే టెండర్లు పిలవక ముందే ఈ విషయం చర్చకు రావలసిన అవసరం ఉంది.

హేవలాక్ వంతెన ఎందుకు మిగిలింది?

అప్పటి మద్రాసు గవర్నరు ఆర్థర్ హేవలాక్ పేరు పెట్టిన ఈ వంతెనకు 1897లో పనులు మొదలయ్యాయి. అంతకుముందు కాశీలో గంగపై డఫ్రిన్ వంతెన నిర్మాణంలో పనిచేసిన ఇంజినీరు వాల్టన్ దీనికి సారథ్యం వహించారు. ఒక్కో ఖానా పొడవు 150 అడుగులు, మొత్తం పొడవు సుమారు రెండు ముప్పావు కిలోమీటర్లు. రాతి స్తంభాలపై ఉక్కు గర్డర్లు అమర్చారు.

దీనికి కాలం చెల్లుతుందని తెలిసి కొత్త వంతెనలు కట్టారు. 1974లో రోడ్డు కం రైలు వంతెన, 1997లో కమానుల రైలు వంతెన, 2015లో కొవ్వూరు నుంచి దివాన్‌చెరువు వైపు నాలుగు కిలోమీటర్ల పైచిలుకు పొడవైన రోడ్డు వంతెన వచ్చాయి. ఏ ఒక్కటీ పాతదాన్ని పడగొట్టి దాని స్థానంలో కట్టినది కాదు. వారసత్వంపై అభిమానంతోనే ఇలా చేశారనుకోవడం పొరపాటు. ప్రధాన రైలు మార్గాన్ని ఏళ్ల తరబడి ఆపి పాత స్తంభాలపైనే కొత్త వంతెన కట్టడం సాధ్యం కాదు. రాకపోకలు ఆగకూడదన్న అవసరమే పాత కట్టడాన్ని కాపాడింది. అవసరం, రక్షణ ఎప్పుడూ ఎదురెదురుగానే నిలబడవని చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కరలేదు.

అయితే కూల్చకుండా ఉండటం ఒక్కటే రక్షణ కాదు. వాడకం ఆగిన వంతెనకు రంగు వేసేవారు ఉండరు, ఇనుము తుప్పు పడుతుంది, రాతి సందుల్లో రావి మొక్కలు మొలుస్తాయి. పర్యాటకులు నడిచే వంతెనగా దీనిని తీర్చిదిద్దాలన్న మాట నగరంలో ఏళ్లుగా వినిపిస్తూనే ఉంది. 2025 జూన్‌లో రూ.94.44 కోట్ల అఖండ గోదావరి ప్రాజెక్టుకు శంకుస్థాపన జరిగింది. ఈ వంతెన అందులో భాగం. రైళ్లు ఆగిన నాటి నుంచి శంకుస్థాపన దాకా ఇరవై ఎనిమిదేళ్లు గడిచాయి. ఆ ఏళ్లలో పట్టిన తుప్పును వదిలించే ఖర్చు కూడా ఇప్పుడు అంచనాల్లో చేరక తప్పదు.

గన్నవరం నేర్పిన పాఠం

కోనసీమలో పి.గన్నవరం వద్ద వైనతేయ పాయపై ఉన్న పాత అక్విడక్టు మరో ఉదాహరణ. కాటన్ హయాంలో 1850 దశకంలో కట్టిన ఈ వంతెన పైనుంచి కాలువ నీరు నది దాటి నగరం లంక పొలాలకు చేరేది. 49 కమానులతో, ఇటుక, సున్నం గారతో కట్టిన పని ఇది. నూటయాభై ఏళ్ల తర్వాత దాని సామర్థ్యం చాలదని తేలినప్పుడు పక్కనే కొత్త అక్విడక్టు నిర్మించారు. 2000లో అది ప్రారంభమైంది. అడిగినవారికి లేదనకుండా అన్నం పెట్టిన లంకల గన్నవరం తల్లి డొక్కా సీతమ్మ పేరు దానికి పెట్టారు. పాత కమానులు ఇప్పటికీ పక్కనే కనిపిస్తాయి. సాగునీరు ఆగలేదు, చరిత్రా చెరగలేదు.

రెండు చోట్లా జాగా ఉంది కనుక పక్కన కట్టగలిగారు. నదిలో జాగాకు కొదవ లేదు. ఊరి నడిమధ్యలో ఆ వెసులుబాటు ఉండదు. అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది.

చట్టం ఏం చెబుతోంది?

కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడాలకు 1958 నాటి చట్టం వర్తిస్తుంది. ద్రాక్షారామ భీమేశ్వరాలయం, సామర్లకోట కుమారారామం, బిక్కవోలులోని తూర్పు చాళుక్యుల గుడులు, ఆదుర్రు బౌద్ధ స్తూపం ఈ కోవలోవే. రక్షిత హద్దు నుంచి వంద మీటర్ల వరకు నిషిద్ధ ప్రాంతం. దాని తర్వాత మరో రెండువందల మీటర్లు నియంత్రిత ప్రాంతం. ఈ కొలతలు 1992 జూన్ నాటి నోటిఫికేషన్‌తో వచ్చాయి. 2010లో చేసిన సవరణతో చట్టంలోనే చేరాయి. అదే సవరణతో జాతీయ కట్టడాల ప్రాధికార సంస్థ ఏర్పడింది. నియంత్రిత ప్రాంతంలో పనికి అధీకృత అధికారి అనుమతి కావాలి. నిషిద్ధ ప్రాంతంలో కొత్త నిర్మాణానికి తావు లేదు. ఉల్లంఘిస్తే రెండేళ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ.

చాలామందికి తెలియని విషయం ఒకటి ఉంది. మురుగు కాలువలు, ప్రజా మరుగుదొడ్లు, తాగునీటి గొట్టాలు, ప్రజలకు విద్యుత్తు సరఫరా వంటి పనులను చట్టం ‘నిర్మాణం’ అనే మాట పరిధి నుంచే తప్పించింది. ‘గుడి పక్కన కాలువ కూడా తవ్వనివ్వరు’ అని గ్రామాల్లో వినిపించే మాటకు ఆధారం లేదు. ఆ జాబితాలో కొత్త రోడ్డు, వంతెన మాత్రం లేవు. కేంద్ర ప్రభుత్వ ప్రజా పనులకు నిషిద్ధ ప్రాంతంలోనూ వీలు కల్పించే సవరణ బిల్లును 2018 జనవరిలో లోక్‌సభ ఆమోదించింది. రాజ్యసభ దానిని సెలెక్ట్ కమిటీకి పంపింది.

ఈ వంద మీటర్ల నియమంపై విమర్శ లేకపోలేదు. గుడి గోపురమైనా, పొలంలోని చిన్న దిబ్బ అయినా ఒకే కొలత. ఇంటి పైకప్పు మార్చుకోవాలన్నా దరఖాస్తు చేసుకుని ఎదురుచూడాలి. ఒక్కో కట్టడానికి దాని పరిసరాలను బట్టి వేర్వేరు ఉపనిబంధనలు రూపొందించాలని 2010 సవరణే చెప్పింది. ఆ పని ముందుకు సాగితే గ్రామస్థుల సణుగుడు సగం తగ్గుతుంది.

జాబితాలో లేనివే ఎక్కువ

కేంద్ర జాబితాలో లేని కొన్ని కట్టడాలు 1960 నాటి రాష్ట్ర చట్టం కింద రాష్ట్ర పురావస్తు శాఖ పరిధిలో ఉన్నాయి. ఈ రెండు జాబితాలకూ ఎక్కనివే లెక్కకు మిక్కిలి. బాటసారుల సత్రాలు, కాలువలపై కమాను వంతెనలు, లాకులు, మెట్ల బావులు, పొలిమేరలోని వీరగల్లులు, రచ్చబండ పక్కన పాతిన శాసనపు రాళ్లు ఎవరి లెక్కలోనూ ఉండవు. విస్తరణలో మొదట పోయేవి ఇవే. పొక్లెయిన్ నడిపే కుర్రవాడికి అక్షరాలున్న రాయికీ, అక్షరాలు లేని రాయికీ తేడా చెప్పేవారు ఉండరు. తప్పు అతనిది కాదు. సర్వే సమయంలో విద్యుత్తు స్తంభాలను, చెట్లను, నీటి గొట్టాలను లెక్కించి తరలింపు ఖర్చు అంచనాల్లో రాస్తారు. శాసనపు రాయికి ఆ పట్టికలో ఒక గడి ఉంటే చాలు, సగం నష్టం తప్పుతుంది.

తవ్వకంలో నాణేలు, విగ్రహాల వంటివి బయటపడితే 1878 నాటి నిధుల చట్టం ప్రకారం కలెక్టరుకు తెలపాలి. పది రూపాయలకు మించి విలువ చేసేది ఏదైనా ఈ చట్టం కిందకు వస్తుంది. ఆనాటి పది రూపాయలే నేటికీ పుస్తకంలో ఉన్నాయి.

కనిపించని నష్టం

కూల్చివేత అందరికీ కనిపిస్తుంది. రోడ్డు ఎత్తు పెరగడం ఎవరికీ కనిపించదు. పాత తారును గీకి తీయకుండా దానిపైనే మరో పొర వేస్తూ పోతే కొన్నేళ్లకు గుడి గడప, సత్రం అరుగు రోడ్డు కన్నా కిందికి దిగిపోతాయి. ఒకప్పుడు మూడు మెట్లు ఎక్కి వెళ్లిన గుడిలోకి నేడు రెండు మెట్లు దిగి వెళ్లవలసిన ఊళ్లు మన జిల్లాల్లో తక్కువేమీ కాదు. వాన పడితే నీరంతా లోపలికే. పునాది చెమ్మగిల్లి సున్నం గార పొడిపొడిగా రాలుతుంది. పాత పొరను తీసి, అదే మట్టంలో కొత్త పొర వేయడం సాంకేతికంగా కష్టం కాదు. ఆ పనిని అంచనాల్లో చేర్చి, బిల్లు చెల్లించే ముందు మట్టం కొలిచే ఇంజినీరు ఉంటే చాలు.

ఇక బరువు. కాలువలపై ఉన్న పాత కమాను వంతెనలను ఎడ్ల బండ్లను దృష్టిలో ఉంచుకుని కట్టారు. నేడు వాటిపై ఇసుక లారీలు వెళ్తున్నాయి. కమాను సహజంగా బలమైనదే. బరువును రెండు పక్కలా స్తంభాలకు పంచుతుంది. అయితే స్తంభం అడుగున ఇసుక కొట్టుకుపోయినా, గార ఊడినా ఆ బలం ఉండదు. ఇక్కడ పరిష్కారం సులువు. భారీ వాహనాలకు అడ్డుగా ఎత్తు గేజీ పెట్టి, కార్లను, ద్విచక్ర వాహనాలను అనుమతించి, లారీలకు వేరే దారి చూపాలి. మరమ్మతు అవసరమైతే సున్నపు కట్టడానికి సున్నమే వాడాలి. సిమెంటు పూస్తే లోపలి చెమ్మ బయటకు రాలేక ఇటుకనే తినేస్తుంది. పాత కట్టడాలపై పైకి నున్నగా కనిపించే సిమెంటు పూతను చూసి మురిసిపోవడం మానుకోవాలి.

కొత్తవి కూడా పాతబడతాయన్న సంగతి మరువరాదు. 1974 నాటి రోడ్డు కం రైలు వంతెనపై మరమ్మతుల కోసం 2023లో వాహనాల రాకపోకలు నిలిపివేయవలసి వచ్చింది. నిర్వహణకు ఏటా కొంత సొమ్ము కేటాయించడం కొత్త వంతెనకైనా, పాత వంతెనకైనా ఒకటే సూత్రం.

‘వేరే దారి లేదా?’

అమెరికాలో 1966 నాటి రవాణా శాఖ చట్టం ఒక ప్రశ్నను తప్పనిసరి చేసింది. కేంద్ర నిధులతో వేసే రహదారి ఉద్యానవనం మీదుగానో, చారిత్రక స్థలం మీదుగానో వెళ్లవలసి వస్తే, ఆచరణ సాధ్యమైన వేరే మార్గం లేదని ముందుగా తేల్చాలి. నష్టాన్ని వీలైనంత తగ్గించే ప్రణాళికా ఉండాలి. మెంఫిస్ నగరంలో ఓవర్టన్ పార్కు మీదుగా తలపెట్టిన జాతీయ రహదారి ఇదే ప్రశ్న దగ్గర ఆగింది. 1971లో అక్కడి సుప్రీంకోర్టు పౌరుల పక్షాన తీర్పు ఇచ్చింది. ఆ రహదారి చివరకు పార్కులోకి రాలేదు. మన దగ్గర రక్షిత జాబితా వెలుపల ఉన్న కట్టడం విషయంలో ఇలా అడిగి తీరాలన్న నిబంధన లేదు. అడిగినవారు అభివృద్ధి నిరోధకులనే ముద్ర మోయవలసి వస్తోంది.

వేరే దారికీ ఖరీదు ఉంటుంది. బైపాస్ వేస్తే పొలాలు పోతాయి. సత్రాన్ని కాపాడటానికి రెండెకరాల రైతు భూమి వదులుకోవలసి వస్తే అతని నష్టాన్ని తక్కువ చేసి చూడటం న్యాయం కాదు. బైపాస్ వచ్చిన ఊరిలో టీ దుకాణం మొదలు టైర్ల కొట్టు వరకు బేరం పడిపోతుంది. మరోవైపు ఇరుకు వంతెన వద్ద అంబులెన్సు ఆగితే పోయేది ప్రాణం. కనుక ప్రతి పాత గోడకూ ఒకే న్యాయం చేయలేం. రోడ్డును రెండు వైపులా సమానంగా కాక ఒక వైపే వెడల్పు చేయడం, కట్టడం ఉన్నంత మేర రోడ్డును విడదీసి రెండు పాయలుగా నడపడం, ఒక వైపు రాకపోకలే అనుమతించడం వంటి చిన్న మార్పులతో తీరిపోయేవి చాలా ఉన్నాయి. సర్వే రాళ్లు పాతక ముందు నకాశాపై గీత జరపడానికి ఖర్చు లేదు. పాతిన తర్వాత జరిపితే కోర్టులు, పరిహారాలు, గడువు పొడిగింపులు.

తరలింపు చివరి మార్గం. శ్రీశైలం జలాశయంలో మునిగిపోయే కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి అలంపురంలో తిరిగి నిలబెట్టారు. గుడి దక్కింది. కృష్ణా, తుంగభద్రల సంగమం మాత్రం దాని ముంగిట లేదు. పైగా రాతి గుడిని విప్పి పేర్చవచ్చును గాని, ఇటుక సున్నాలతో కట్టిన సత్రాన్ని అలా విప్పలేం.

గ్రామస్థులు చేయగలిగింది

రోడ్డు విస్తరణ ప్రతిపాదన వచ్చిందని తెలిసిన వెంటనే దారి వెంబడి ఉన్న పాత కట్టడాలు, శాసనాలు, వంతెనల జాబితా రాసి గ్రామసభలో తీర్మానం చేయించవచ్చు. ఫొటోలు, సర్వే నంబర్లు జతపరచి సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇవ్వవచ్చు. ప్రతులను రహదారులు భవనాల శాఖకు, రాష్ట్ర పురావస్తు శాఖకు పంపాలి. విస్తరణ నకాశాను సమాచార హక్కు చట్టం కింద కోరవచ్చు. ఆ చట్టం ప్రకారం ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. పుష్కరాల పనులకు ఆ ముప్పై రోజులు కూడా ఎక్కువే కనుక, దరఖాస్తు ముందుగానే పెట్టుకోవడం మేలు.