బంక్ కొట్టినోడు ఏ బంకులో ఉన్నాడు?

"ఫస్ట్ అవర్ బంక్ కొడదామా?" అని మన క్యాంపస్‌లో ఎవరో ఒకరు అడగని రోజు లేదు. ఈ మాట సంగతేందో చూద్దామని నాకు సెకండియర్‌లో అనిపించింది. కారణం మా నాయన.

బోరు మోటారు సామాన్ల కోసం కళ్యాణదుర్గం వైపు నుంచి అనంతపురం వచ్చినాయన, నన్ను చూసిపోదామని హాస్టల్‌కి వచ్చాడు. నేనేమో మ్యాట్నీలో ఉన్నా. "వాడు బంక్ కొట్టాడు అంకుల్" అన్నాడు రూమ్మేటు. నాయనకి తెలిసింది పెట్రోలు బంకు ఒకటే. ఫీజు కట్టడం లేటయింది కదా, కొడుకు బంకులో పెట్రోలు కొట్టే పనికి కుదిరాడనుకున్నాడు. మార్చి ఎండలో బళ్ళారి రోడ్డున కనబడిన బంకులన్నీ తిరిగాడు.

నిజానికి ఇంగ్లీషులోనే 'బంక్'కి చాలా అర్థాలున్నాయి. ఒకటి పడక. ఓడల్లో గోడకి బిగించే ఇరుకు పడకని బంక్ అంటారు. మన హాస్టళ్ళలో ఒకదానిమీద ఒకటి ఉండే మంచాలు ఆ బాపతే.

రెండోది సొల్లు కబురు. 1820లో అమెరికా కాంగ్రెస్‌లో మిస్సోరీని రాష్ట్రంగా చేర్చుకునే విషయం మీద చర్చ జరుగుతోంది. ఓటింగ్ పెట్టమని అందరూ గోల చేస్తున్నా ఫీలిక్స్ వాకర్ అనే సభ్యుడు ఆపలేదు. తాను బంకంబ్ కోసం మాట్లాడుతున్నానన్నాడట. బంకంబ్ అనేది నార్త్ కరోలినాలో ఆయన్ని గెలిపించిన కౌంటీ. అప్పట్నుంచి పసలేని ఉపన్యాసం 'బంకమ్' అయింది, తర్వాత కురచై 'బంక్' అయింది. 1923లో డబ్ల్యూ.ఇ. వుడ్‌వర్డ్ తన నవల్లో దీన్నుంచే 'డీబంక్' అనే మాట పుట్టించాడు. అబద్ధం గుట్టు విప్పడం అన్నమాట.

మూడోది మన బంక్. 19వ శతాబ్దపు బ్రిటిష్ యాసలో 'డూ ఎ బంక్' అంటే చెప్పకుండా పారిపోవడం. అక్కడి బడిపిల్లలు 'బంక్ ఆఫ్' అంటారు. మనం ఆ 'ఆఫ్'ని కూడా బంక్ కొట్టించి, తెలుగు 'కొట్టు' తగిలించాం.

ఇక పెట్రోలు బంకు మన దక్షిణాది వాడుక. ఉత్తరాదికి పోతే పెట్రోల్ పంప్ అనాల్సిందే. మన దగ్గర రోడ్డు పక్క చిన్న కొట్టు కూడా బంకే, టీ బంకు. తుమ్మబంకకి మాత్రం వీటితో చుట్టరికం లేదు.

సాయంత్రం నేను తిరిగొచ్చేసరికి నాయన హాస్టల్ గేటు దగ్గర కూర్చోనున్నాడు. చొక్కా తడిసిపోయింది. బంక్ అంటే ఏమో నవ్వుతూ వివరించా. అంతా విని, "అంటే ఎగ్గొట్టినావా?" అన్నాడు. ఇంకేం అనలేదు. బస్సుకి టైమైందని లేచాడు.

తెలుగులో క్లాసు ఎగ్గొట్టినా, అప్పు ఎగ్గొట్టినా మాట ఒకటే. వాన రాక, బోర్లు ఎండి, చెనక్కాయ పంట చేతికి రాని సంవత్సరాల్లో కూడా ఆ మాట తన మీద పడకూడదని వడ్డీ కట్టుకుంటూ వచ్చిన మనిషి ఆయన. నా ఫీజు కూడా అట్లాంటి అప్పులోదే.

బంక్ కొట్టానంటే స్టైలుగా ఉంటుంది, ఏ బరువూ తెలీదు. ఈసారి కొట్టే ముందు "ఎగ్గొడుతున్నా" అని ఒక్కసారి పైకి అని చూడండి. నేను అట్లా అనుకుని చాలాసార్లు క్లాసుకే పోయినా.