పిల్లల కథ రాయండి.. మనసు తేలికవుతుంది!

‘ఎప్పటికైనా పిల్లల కోసం ఓ కథల పుస్తకం రాయాలి.’ చాలామంది మనసులో ఉండే కోరికే ఇది. ఆఫీసు, ఇల్లు, పిల్లల పరీక్షల మధ్య వెనక్కి పోతూ ఉంటుంది. రిటైరయ్యాక చూద్దాంలే అనుకుంటారు. తీరా అప్పుడు టీవీ ముందో, ఫోను పట్టుకునో పొద్దు గడిచిపోతుంది. పగలంతా ఏదో చిరాకు, రాత్రయితే నిద్ర పట్టదు. ఇలాంటప్పుడు వాకింగ్ చేయమనీ, యోగా చేయమనీ చెప్పేవాళ్లు బోలెడుమంది. కొత్తగా ఏదైనా తయారుచేసే పని పెట్టుకోమని చెప్పేవాళ్లే తక్కువ.

ఇలాంటి పనికీ ఒంటికీ సంబంధం ఉంది. అమెరికాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 39 మంది పెద్దవాళ్లకు రంగులు, బంకమట్టి, కాగితాలు ఇచ్చి 45 నిమిషాల పాటు నచ్చింది చేసుకోమన్నారు. ముందూ తర్వాతా లాలాజలం పరీక్షిస్తే సుమారు 75 శాతం మందిలో ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్ తగ్గింది. 2016లో వెలువడిన ఈ అధ్యయనం చిన్నదే. పైగా వేరే బృందంతో పోల్చి చూడలేదు. రాయటం మీద చేసింది కూడా కాదు. అయినా ఇందులో ఒక మంచి సంగతి ఉంది. అంతకుముందు బొమ్మలు వేసిన అనుభవం ఉన్నా లేకపోయినా ఫలితంలో పెద్ద తేడా కనిపించలేదు. ‘నాకు చేతకాదు’ అని వెనకాడేవాళ్లు గుర్తుంచుకోవాల్సింది ఇదే.

మంచం మీదున్న బాబు కోసం..

ప్రపంచమంతా చదివిన ‘పీటర్ రాబిట్’ కథ మొదట పుస్తకం కాదు, ఉత్తరం. ఇంగ్లండ్‌కు చెందిన బియాట్రిక్స్ పాటర్ 1893లో, జబ్బుచేసి మంచం మీదున్న ఐదేళ్ల బాబుకు ఏం రాయాలో తోచక నాలుగు కుందేళ్ల కథ బొమ్మలతో రాసి పంపారు. ఏళ్ల తర్వాత ఆ ఉత్తరం తిరిగి అడిగి తీసుకుని పుస్తకంగా మలిచారు. ప్రచురణకర్తలు వద్దంటే 1901లో సొంత డబ్బుతో 250 ప్రతులు అచ్చు వేయించుకున్నారు. మరుసటి ఏడాది ఒక ప్రచురణ సంస్థే దాన్ని వేసింది. అందరి కోసం అనుకుంటే కలం కదలదు. ఒక్క మనవడి కోసమో, పక్కింటి పాప కోసమో అనుకుంటే కదులుతుంది.

చిన్నదే కానీ..

పిల్లల కథంటే తేలికే అనుకుంటాం. అసలు చిక్కంతా ఆ చిన్నదనంలోనే ఉంది. బొమ్మల పుస్తకాలు ఎక్కువగా 32 పేజీలుంటాయి. 8 తెల్లకాగితాలను మధ్యకు మడిచి ఒకదానిలో ఒకటి దూర్చితే సరిగ్గా 32 పేజీలవుతాయి. ఈ ఉత్తుత్తి పుస్తకంలో ఏ పేజీలో ఏం జరుగుతుందో పెన్సిల్‌తో రాసుకోండి. ‘ఇప్పుడేమవుతుంది?’ అనే ఘట్టం కుడివైపు పేజీ చివర వస్తే పిల్లలే ఆత్రంగా పేజీ తిప్పుతారు. బొమ్మ చెప్పేది మాటల్లో మళ్లీ చెప్పనక్కర్లేదు. ‘ఎర్ర గౌను వేసుకున్న చిట్టి’ అని రాయటమెందుకు? గౌను బొమ్మలో కనిపిస్తూనే ఉంటుంది కదా!

మనం చదివి వినిపించే కథ వేరు, పిల్లలు సొంతంగా చదువుకునే కథ వేరు. గుణింతాలు అప్పుడే వచ్చిన పిల్లలు ఒత్తుల దగ్గర ఆగిపోతారు. వాళ్ల కోసమైతే ఒత్తులు తక్కువున్న మాటలు, పొట్టి వాక్యాలు కావాలి. వినిపించే కథకు ఆ ఇబ్బంది లేదు. గబగబా, బుడుంగున, టపటపా.. ఇలాంటి చప్పుడు మాటలు తెలుగులో కొల్లలు. ఒక్కటి పడితే చాలు, పిల్లలు వెంటనే అందుకుంటారు.

పెద్దవాళ్ల బలహీనత ఇంకోటుంది, నీతి. చివర్లో తాతయ్య వచ్చి బుద్ధి చెప్పటంతో చాలా కథలు చచ్చిపోతాయి. చిక్కులో పడ్డ పిల్లే దారి వెతుక్కోవాలి. రాశాక ఓ ఆరేళ్ల పిల్లకు చదివి వినిపించండి. ‘బాగుందా?’ అని అడగొద్దు, మొహమాటానికి బాగుందనే అంటారు. ఎక్కడ దిక్కులు చూసిందో గమనించి, ఆ చోట కత్తెర వేయండి.

మనవలు అమెరికాలో ఉంటే వీడియో కాల్‌లో వారానికో కథ చదవొచ్చు. తెలుగు అర్థమైనా చదవలేని పిల్లలకు ఇది బాగా పనికొస్తుంది. ‘అన్నం తిన్నావా?’ తర్వాత ఏం మాట్లాడాలన్న బెంగా తీరుతుంది.

ఎంతసేపు?

రోజూ ఒకే సమయానికి అరగంట చాలు. నిద్ర సరిగా పట్టనివాళ్లు రాత్రిపూట ఫోనులో కాకుండా పొద్దున్నే నోట్‌బుక్కులో రాయటం మేలు. కంప్యూటర్ వాడితే 20 నిమిషాలకోసారి 20 అడుగుల దూరంలోని దేన్నైనా 20 సెకన్లు చూడాలి. అచ్చు కాలేదని దిగులు పెట్టుకుంటే మాత్రం మొదటికే మోసం. ప్రథమ్ బుక్స్ 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో, అక్కడున్న బొమ్మలనే వాడుకుని తెలుగులో కథ తయారుచేసి అందరికీ ఉచితంగా అందించొచ్చు.

ఒక జాగ్రత్త. ఏ పని మీదా ఆసక్తి లేకపోవటం, దిగులు, ఆకలి నిద్రల్లో తేడా రెండు వారాలు దాటి సాగుతుంటే అది కుంగుబాటు కావొచ్చు. అప్పుడు కథను పక్కనపెట్టి మానసిక వైద్యులను కలవాలి. చికిత్సతో కాస్త కోలుకున్నాక నోట్‌బుక్కు మళ్లీ తెరవొచ్చు.