రెండు–నాలుగు గాజు, ఒకటి పాయింట్ నాలుగు లెన్సు

చార్మినార్ నుంచి లాడ్ బజార్ గుండా పడమటికి నడిచి, మహబూబ్ చౌక్ గడియార స్తంభం దాటి ఇంకాస్త ముందుకు పోతే హుస్సేనీ ఆలం. రంజాన్ రాత్రుల్లో ఫిల్ము కెమెరా మెడలో వేసుకుని ఆ దారిన పోయేవాళ్లకు ఒక పాత పేచీ ఉంది. ఫాస్ట్ లెన్సు కావాలా, స్లో లెన్సుతో సరిపెట్టుకోవచ్చా? డిజిటల్ వాళ్లు వెలుగు తగ్గగానే ఐఎస్ఓ తిప్పేసుకుంటారు. రీలు ఎక్కించినవాడికి ఆ వీలు లేదు, 36 ఫ్రేములూ ఒకే ఐఎస్ఓకి కట్టుబడి ఉండాలి. అందుకే ఈ పేచీ ఇంకా బతికే ఉంది. దాని చుట్టూ పోగైన కొన్ని విశేషాలివి.

రెండూ గాజులే

తెలుగులో చేతికి వేసుకునేదీ గాజే, లెన్సు చేసేదీ గాజే. కొలతలోనూ చుట్టరికం ఉంది. లాడ్ బజార్‌లో రెండు–నాలుగు అని గాజులు అడుగుతాం కదా. ఆ రెండు అంగుళాలు, ఆ నాలుగు అంగుళంలో పదహారో వంతులు. అంటే రెండుంపావు అంగుళాలు, 57 మిల్లీమీటర్ల అడ్డకొలత. లెన్సు మీద ఉండే ఎఫ్ అంకె వెనకా ఒక అడ్డకొలతే దాక్కుని ఉంటుంది. 50 ఎంఎం లెన్సయితే ఆ 50ని 1.4తో భాగించండి. దాదాపు 36 వస్తుంది. ముందు నుంచి చూస్తే కనబడే కంత వెడల్పు అన్ని మిల్లీమీటర్లు. గాజుల లెక్కలో చెప్పాలంటే చంటిపిల్లల ఒకటి–ఆరు సైజు. అదే లెన్సును ఎఫ్ 8కి మూస్తే కంత 6 మిల్లీమీటర్లకు దిగుతుంది, లక్క గాజు మీద అతికించే అద్దం బిళ్లంత. ఒక్కటే తిరకాసు. గాజుల్లో అంకె పెరిగితే సైజు పెరుగుతుంది, లెన్సులో అంకె పెరిగితే కంత తగ్గుతుంది.

కంత పెద్దదైతే వెలుగు దండిగా వస్తుంది, షట్టర్ త్వరగా మూసేయొచ్చు. ఫాస్ట్ అన్న పేరు అందుకే. లెన్సు పరుగెత్తేదేమీ లేదు.

అడ్డకొలత రెట్టింపైతే వెలుగు నాలుగు రెట్లు. దుకాణాల లైట్లు బాగా వెలిగే వీధిలో, 400 ఫిల్ముతో, ఎఫ్ 1.4 దగ్గర సెకనులో 60వ వంతు దొరికిందనుకోండి. ఎఫ్ 2.8కి అది 15వ వంతు, ఎఫ్ 5.6కి సెకనులో నాలుగో వంతు. 60వ వంతులో గాజులమ్మే చెయ్యి చెయ్యిలాగే పడుతుంది. నాలుగో వంతులో చెయ్యి ఉండదు, చెయ్యి తిరిగిన దారి మాత్రం ఉంటుంది. లాడ్ బజార్ దాటి హుస్సేనీ ఆలం సందుల్లోకి తిరిగితే వెలుగు ఇంకో రెండు స్టాపులు, అంటే నాలుగో వంతుకు పడిపోతుంది. అక్కడ ఎఫ్ 1.4కే 15వ వంతు. ఆ సందులో ఎఫ్ 5.6 లెన్సుంటే నిండు సెకను ఊపిరి బిగబట్టాలి.

దీర్ఘం ఎక్కువైన పేట

అరబ్బీలో అలం అంటే జెండా, ఆలం అంటే లోకం. ఈ పేటకు పేరిచ్చింది ఇక్కడి ఆషూర్‌ఖానాలో నిలిపే అలం, అంటే మన పల్లెల్లో పీర్ల పండక్కి ఎత్తే పీరు లాంటిది. బోర్డుల మీద దీర్ఘం చేరి జెండా కాస్తా లోకమైపోయింది. మొహర్రం రాత్రి ఇలాంటి చోట కెమెరా బయటికి తీసేముందు అక్కడి పెద్దల్ని అడగడం మర్యాద. ఫ్లాష్ ఆలోచనే వద్దు. ఫాస్ట్ లెన్సుకు నేను ఒప్పుకునే అసలు గొప్పదనం అదే, ఎవరి కళ్లలోకీ వెలుగు కొట్టక్కర్లేదు.

జనం మాయమయ్యే చిత్రం

1838లో ఫొటోగ్రఫీ ఆద్యుల్లో ఒకడైన డాగేర్ పారిస్‌లో తన కిటికీలోంచి ఒక పెద్ద వీధిని ఫొటో తీశాడు. పట్టపగలు, బళ్లూ మనుషులూ కిటకిటలాడే వీధి. ఫొటోలో మాత్రం ఖాళీ. ఎక్స్‌పోజరు నిమిషాల తరబడి సాగడంతో నడిచేవాళ్లెవరూ పలక మీద నిలవలేదు. బూటు పాలిష్ చేయించుకుంటూ ఒక్కచోట నిలబడ్డ ఒక మనిషి మాత్రం దక్కాడు. ఫొటోలో పడ్డ తొలి మనుషుల్లో ఆయన ఒకడని చెబుతారు.

రంజాన్‌లో లాడ్ బజార్ మొదట్లో స్టాండు వేసి, 100 ఫిల్ముతో ఎఫ్ 16కి మూసి, పది సెకన్లు తెరిచి చూడండి. నడిచే జనమంతా పొగైపోతారు. ఎవరు మిగులుతారో తెలుసా? గాజుల కొట్టు ముందు బేరం తెగక నిలబడిపోయిన ఆడవాళ్లు! ఈ ఫొటోను ఫాస్ట్ లెన్సు బార్లా తెరిచి తీయలేరు, దీనికి స్లో లెన్సే చాలు. ఆ కొట్లలో వాళ్లు బేరమాడే లక్క గాజులకు 2024లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది. హలీం ఈ గౌరవం 2010లోనే కొట్టేసింది.

మన ఊరి పాత ఫొటోల మాటకొస్తే, రాజా దీన్ దయాళ్ ఆరో నిజాం కొలువులో ఫొటోగ్రాఫరు. ఆయనది గాజు పలకల కాలం. 1892లో హైదరాబాద్‌లో ఆడవాళ్ల కోసం ప్రత్యేకంగా జెనానా స్టూడియో కూడా పెట్టారు. ఆ రోజుల్లో స్టూడియోలు ఎక్కువగా పగటి వెలుగు మీదే బతికేవి. పొద్దుగూకితే దుకాణం కట్టేయడమే.

సిగరెట్టు గడియారం

పారిస్ రాత్రుల్ని ఫొటోలుగా తీసి 1933లో పుస్తకం వేసిన బ్రస్సై దగ్గర ఉన్నది ఎఫ్ 4.5 లెన్సు. ఇవాళ్టి కుర్రాళ్లు రాత్రిపూట ఇది పనికిరాదని పక్కన పడేసే సరుకు. ఆయన కెమెరా స్టాండు మీద పెట్టి, షట్టర్ తెరిచి, సిగరెట్టు వెలిగించేవాడు. కాస్త వెలుగుంటే గోల్వాజ్ సిగరెట్టు, చీకటి మరీ ముదిరితే లావుపాటి బొయార్. కాలడం అయిపోతే ఎక్స్‌పోజరూ అయిపోయినట్టే. పాతబస్తీలో దీనికి సిగరెట్టు అక్కర్లేదు. సాసర్లో పోసిన ఇరానీ చాయ్ ఊదుకుని తాగేలోపు అర నిమిషం గడిచిపోతుంది.

బ్లాక్ హోల్ మనిషికీ మన రీలుకీ ఏం సంబంధం?

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను, నేను దెబ్బతిన్న చోటు కాబట్టి. హుస్సేనీ ఆలంలో పాయిగా నవాబుల ఖుర్షీద్ జా దేవ్‌డీ ఉంది. ఎత్తయిన స్తంభాలతో ఐరోపా ఫక్కీలో కట్టిన భవనం. 19వ శతాబ్దం నుంచీ ఆ స్తంభాలు అక్కడే నిలబడి ఉన్నాయి, నా ఫొటో కోసం కదిలేది లేదు. కదలనివాటికి ఫాస్ట్ లెన్సెందుకని, ట్రై–ఎక్స్ రీలు వేసి, స్టాండు దింపి, ఎఫ్ 11కి మూశాను. మీటరు పది సెకన్లంది. సరిగ్గా పదే ఇచ్చాను. రీలు కడిగించి చూస్తే నెగెటివ్ నీళ్లచారులా ఉంది.

ఇవ్వాల్సింది 50 సెకన్లట! చిన్న ఎక్స్‌పోజర్లకు మీటరు మాట వినే ఫిల్ము, సెకను దాకా వస్తే మొండికేస్తుంది. వెలుగు సన్నగా, ఎక్కువసేపు పడితే దాన్ని పూర్తిగా అందుకోదు. ఈ ట్రై–ఎక్స్‌కు కొడాక్ ఇచ్చిన పాత లెక్కలో 1 సెకనుకు 2, పదికి 50, వందకు 1200 సెకన్లు. అంటే వంద సెకన్ల ఎక్స్‌పోజరు 20 నిమిషాలవుతుంది, ఈలోపు సెహ్రీకి లేపేవాళ్లు వచ్చేసినా ఆశ్చర్యం లేదు. ఈ మొండితనాన్ని 19వ శతాబ్దం చివర్లో లెక్కకట్టినవాడు కార్ల్ ష్వార్జ్‌షీల్డ్. నక్షత్రాల ఫొటోలు కొలుస్తూ పట్టుకున్నాడు. ఐన్‌స్టీన్ సమీకరణాలను సాధించి, బ్లాక్ హోల్ వ్యాసార్ధానికి తన పేరు మిగిల్చిపోయిన ష్వార్జ్‌షీల్డే ఈయన.

అన్ని ఫిల్ములూ ఇంత మొండివి కావు. ఫ్యూజీ అక్రోస్ రెండు నిమిషాల దాకా మీటరు చెప్పినట్టే వింటుంది. స్లో లెన్సుతో రాత్రిళ్లు తిరగాలనుకునేవాళ్లు లెన్సు కన్నా ముందు ఈ రీలు గురించి ఆలోచించడం మేలు.

13 సెంటీమీటర్ల మర్యాద

ఫాస్ట్ లెన్సు వెలుగిచ్చి లోతు లాక్కుంటుంది. 50 ఎంఎం లెన్సు ఎఫ్ 1.4 దగ్గర, రెండు మీటర్ల దూరంలో మనిషిని పెడితే, స్పష్టంగా వచ్చేది ముందూవెనకా కలిపి 13 సెంటీమీటర్లు. మీటరు దూరానికి జరిగితే సుమారు మూడు సెంటీమీటర్లకు కుదించుకుపోతుంది, అంటే కన్ను వస్తే చెవి రాదు. మొదటిసారి ఇలాగే తీసిన గాజుల కొట్టు ఫొటోలో నాకు అద్దం బిళ్లలు అద్భుతంగా వచ్చాయి, వాటిని అతికిస్తున్న చాచా ముఖం మాత్రం పొగమంచులో కలిసిపోయింది.

ఒక సంగతి చాలామంది లెక్కలోకి తీసుకోరు. ఎస్‌ఎల్‌ఆర్ కెమెరాలో మనం కంటితో చూసేటప్పుడు లెన్సు పూర్తిగా తెరిచే ఉంటుంది. కాబట్టి ఫొటో ఎఫ్ 4కి తీసినా ఎఫ్ 1.4 లెన్సులో చీకటి సందు కాస్త వెలుగ్గా కనబడుతుంది, ఫోకస్ కుదురుతుంది. ఎఫ్ 5.6 లెన్సు పెడితే మధ్యలో ఉండే రెండు ముక్కల చక్రంలో ఒక సగం నల్లబడి కూర్చుంటుంది.

బరువూ వెలుగూ

నిక్కన్ 50 ఎంఎం లెన్సుల్లో ఎఫ్ 1.8 డి బరువు 155 గ్రాములు. ఎఫ్ 1.2 లెన్సు 360. వెలుగు 2.25 రెట్లు పెరిగితే బరువు 2.3 రెట్లు పెరిగింది. మోతకు తగ్గ వెలుగన్నమాట! ధర మాత్రం ఈ న్యాయం పాటించదు. నన్నడిగితే ఎఫ్ 1.8 చాలు, మిగిలిన డబ్బుతో రీళ్లు కొనుక్కోండి.

ఇంట్లో పాత ఆల్బమ్ తిరగేస్తే చార్మినార్ ముందు నిలబడ్డ పగటి ఫొటోలే ఉంటాయి, రాత్రివి ఉండవు. ఎందుకంటే మన నాన్నల తరం చేతిలో ఉన్నది బరోడాలో తయారైన ఆగ్ఫా క్లిక్ 3. దాని లెన్సు సుమారు ఎఫ్ 9. ఎఫ్ 1.4తో పోలిస్తే వెలుగు నలభయ్యో వంతు. కాస్త కలిగినవాళ్ల యాషికా ఎలక్ట్రో 35లో ఎఫ్ 1.7 లెన్సుండేది. 1966లో వచ్చిన ఆ కెమెరా, షట్టర్ మరీ నెమ్మదైతే పసుపు దీపం వెలిగించి స్టాండు వేసుకోమని చెప్పేది.

దీపాల అలక

వీధి దీపాల విషయంలో రెండు లెన్సులూ రెండు రకాలుగా ప్రవర్తిస్తాయి. బాగా మూసిన లెన్సులో ప్రతి బల్బూ నక్షత్రమవుతుంది. కంతను మూసే అపర్చర్‌కు ఎనిమిది రేకులుంటే ఎనిమిది కిరణాలు, ఏడుంటే పద్నాలుగు. సరి సంఖ్యయితే అంతే, బేసి సంఖ్యయితే రెట్టింపు. తెరిచిన ఫాస్ట్ లెన్సులో ఇదేమీ ఉండదు. పైగా ఫొటో మూలల్లో ఉన్న బల్బులు రెక్కలు విప్పిన పిట్టల్లా సాగిపోతాయి. ఆ రెక్కలు కత్తిరించడానికే నిక్కన్ 1977లో నాక్ట్ అనే 58 ఎంఎం ఎఫ్ 1.2 లెన్సు చేసింది. ఇక సినీస్టిల్ 800టి అనే రీలుంది. కొడాక్ సినిమా ఫిల్ముకు వెనక ఉండే నల్లటి పూత తీసేసి అమ్ముతారు. పూత లేకపోవడంతో దీపం వెలుగు వెనక్కి తగిలి తిరిగొచ్చి, ప్రతి బల్బు చుట్టూ ఎర్రటి వలయం కడుతుంది. లాడ్ బజార్ సీరియల్ లైట్లకు ఇది మరీ ఎక్కువ మేకప్ అని నా అభిప్రాయం.

పాత పెంటాక్స్ టకుమార్ ఎఫ్ 1.4 లెన్సు ఎక్కడైనా దొరికి, గాజు పసుపుగా కనబడితే కంగారుపడకండి. కొన్ని రకాల్లో థోరియం కలిపిన గాజు వాడారు, అది ఏళ్లు గడిచేకొద్దీ పచ్చబడుతుంది. అతినీలలోహిత కాంతి తగిలితే పసుపు చాలావరకు విడుస్తుంది. రాత్రి కోసం చేసిన లెన్సుకు ఎండే వైద్యం!

వెన్నెల సంగతి

పున్నమి వెన్నెల కన్నా ఎండ సుమారు 4 లక్షల రెట్లు ఎక్కువ వెలుగు. ఫాస్ట్ లెన్సుకైనా అది చిన్న తేడా కాదు. 1957 నాటి మాయాబజార్‌లో మనం మురిసిపోయే వెన్నెల ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీ లైట్లతో పుట్టించిందే.

అన్నిటికన్నా పెద్ద గాజు

చందమామ కోసమే కార్ల్ జైస్ కంపెనీ ఒకసారి 50 ఎంఎం ఎఫ్ 0.7 లెన్సులు చేసింది, నాసా కోసం. చేసినవి పది. వాటిలో మూడు దర్శకుడు స్టాన్లీ కుబ్రిక్ సంపాదించి, 1975లో వచ్చిన బ్యారీ లిండన్‌లో కొవ్వొత్తుల వెలుగులోనే సన్నివేశాలు తీశాడు. ఫోకస్ ఎంత పల్చనంటే నటులు కుర్చీలో ముందుకు వంగితే మసకబారిపోయేవాళ్లు.

50ని 0.7తో భాగిస్తే 71 మిల్లీమీటర్లు. గాజుల లెక్కలో రెండు–పన్నెండు సైజు 70 దగ్గరే ఆగిపోతుంది. నా లెన్సు మూతి మీద చిన్నపిల్లల గాజులు పెట్టి చూస్తూ సరదాపడుతున్న కొట్టు చాచాకు ఈ లెక్క చెప్పాను. ఆయన పై వరుస డబ్బాల వైపు ఒకసారి చూసి తల అడ్డంగా ఊపాడు.

“అంత సైజు స్టాకులో లేదు సాబ్. ఆర్డర్ ఇవ్వాలి.”